అచ్చులో గాటు

ఇంటి నుంచి, మేడమీద గది

మామయ్యా,

ఫోన్ చేస్తే నీకు సగమే వినపడుతుంది. మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. మొన్న “నాకో బ్యాటింగ్ టీ కావాలి” అంటే “నేనిప్పుడే తాగాను, నువ్వు కానీ” అన్నావు. అన్నేళ్లు రబ్బరు ప్రెస్సుల చప్పుడులో బతికితే ఎవరి చెవులైనా అంతే. అందుకే ఉత్తరం. చదివేటప్పుడు కల్పించుకోవడం కుదరదు.

నాకు కావలసింది తాగేది కాదు, స్టాండు. నేలమీద బరువైన ఇనప పళ్లెం, దాని మధ్య నుంచి నడుమెత్తు పైపు, పైపు కొసన రబ్బరు గిన్నె. గిన్నెలో బంతి పెట్టి బ్యాటుతో కొట్టాలి. బంతి విసరడానికి ఇంకో మనిషి అక్కర్లేదు. సాఫ్ట్‌బాల్ ఆడేవాళ్లంతా దీనిమీదే చేయి సాపు చేసుకుంటారు. చిక్కు ఒక్కటే. బ్యాటు వేలెడు కిందికి దిగితే బంతికి కాకుండా పైపుకి తగులుతుంది. పైపు కదలదు. దెబ్బంతా పిడిలోంచి మణికట్టులోకి వస్తుంది.

నా ఎడమ మణికట్టు కాస్త పట్టేసింది. కంగారు పడకు, నరం పట్టింది, అంతే. విసిరిన బంతిని కొట్టడం కొన్నాళ్లు మానేశాను. స్టాండుమీద కొడితే ఫర్వాలేదు గానీ పైపు తగిలిందంటే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. వర్షాలు తగ్గాక జూనియర్ జట్టుకి సెలెక్షన్స్ ఉన్నాయి. ఈసారి తప్పితే వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతుంది. ఇంకో అవకాశం ఉండదు.

నువ్వు ఇంజన్ల కింద పెట్టే రబ్బరు దిమ్మలు చేస్తావు. ఇంజను ఎంత అదిరినా బండిలో కూచున్నవాడికి తెలియకూడదని కదా వాటిని పెట్టేది. ఆ పనే నా చేతికి చేసిపెట్టు. దెబ్బ తగిలితే పైపు వంగాలి, మళ్లీ తనే లేచి నిలబడాలి.

అమ్మతో అనకు. ఆవిడ అసలు బ్యాటే పట్టుకోవద్దంటోంది. పార్సెల్ గ్రౌండ్ ఆఫీసు చిరునామాకి పంపు.

నీ గుండుసూది

*

వర్క్‌షాప్, పెద్ద ప్రెస్సు పక్కన బల్ల

ఒసే గుండుసూదీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు చేతిలో సుద్దముక్క ఉంది. అప్పటికే నేలమీద బొమ్మ గీసేశాను. పనివాళ్లు దాన్ని తొక్కకుండా పక్కనుంచి తిరిగి వెళ్తున్నారు.

పైపు మొత్తం రబ్బరుతో చేస్తే తాటాకులా వాలిపోతుంది. అందుకని పైపుని రెండు ముక్కలు చేశాను. మధ్యలో అరచేతి పొడవు రబ్బరు కీలు. కీలుకి పైనా కిందా ఒక్కో బోల్టు, రబ్బరులోనే అతికి ఉంటాయి. కింది పైపు కదలదు. పై ముక్క తేలిగ్గా ఉంటుంది కాబట్టి దెబ్బకి పక్కకి వంగిపోతుంది. నచ్చకపోతే స్టాండంతా తిరిగి పంపక్కర్లేదు. కీలు ఒక్కటి విప్పి, కొత్తది బిగించుకో. పళ్లెం, పైపులు, మొదటి కీలు ఈ పార్సెల్‌లోనే పంపుతున్నాను. పళ్లెం పాత బ్రేకు డ్రమ్ముది. పోస్టాఫీసువాడు దాన్ని ఎత్తి “లోపల శవం గానీ ఉందా?” అన్నాడు.

కీలుకి అచ్చు తొలిచేటప్పుడు పనిముట్టు జారింది. అచ్చు కింది అంచులో చిన్న గాటు పడింది. అచ్చులో గాటు పడితే ముక్కమీద గట్టు లేస్తుందని నీకు నేను చెప్పాలా? చిన్నప్పుడు సెలవులకి వచ్చి, ఇదే బల్లమీద కాళ్లూపుకుంటూ కూచుని, ఏ దిమ్మ ఏ అచ్చులోదో గట్టు తడిమి వేరుచేసేదానివి. కళ్లు మూసుకుని చెప్తానని పందెం కాసి నా దగ్గర ఎన్ని బిస్కెట్ ప్యాకెట్లు లాగావో! ఆ గాటు పూడ్చాలంటే ఒక పూట పని ఆగిపోతుంది. వదిలేశాను. పనికి అడ్డు రాదు. బియ్యపుగింజంత గట్టు కనిపిస్తే అది మన ముక్క అనుకో.

కొట్టి చూసి ఉన్నదున్నట్టు రాయి. మామయ్య కదా అని మొహమాటపడితే వస్తువు బాగుపడదు.

మీ అమ్మతో నేనెందుకంటాను. ఆవిడ చెప్పేది వినే ఓపిక నాకుంది, ఆవిడకి చెప్పే ధైర్యం లేదు.

మామయ్య

*

గ్రౌండ్, స్టోర్ రూమ్ మెట్లు

మామయ్యా,

ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

బంతి నిలబడుతోంది. కావాలనే పైపుమీద కొట్టాను. పైపు పక్కకి వంగింది. చేతికి దెబ్బ వచ్చింది గానీ పాతదాంట్లో సగం కూడా లేదు. ఆ సంతోషంలో స్టోర్ రూమ్ తాతని పిలిచి ఆయన చేత కూడా కొట్టించాను. ఆయన బంతిని వదిలేసి పైపునే కొట్టాడు, అదీ కావాలని కాదు.

లోపం ఒకటుంది. దెబ్బ తగిలాక పైపు ఆగడం లేదు. అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. అది ఆగితే గానీ రెండో బంతి పెట్టడానికి లేదు. కోచ్ సార్ చూసి, “మీ మామయ్య స్టాండు పంపాడా, ఉయ్యాల పంపాడా?” అన్నారు. “మీరు ఎక్కుతారా సార్?” అన్నాను. గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించారు.

పక్క క్లబ్బులో ఒక పిల్ల ఉంది. పొడుగుపిల్ల అంటారు. సెలెక్షన్స్‌లో నా చోటుకి పోటీ తనే. రోజుకి రెండు పూటలా కొడుతోందట. నేను ఒక్కపూట, అదీ ఆగి ఆగి. ఉయ్యాల సంగతి చూశావంటే నేనూ రెండు పూటలా కొడతాను.

గట్టు దొరికింది. కళ్లు మూసుకునే వెతికాను.

నీ గుండుసూది

*

వర్క్‌షాప్

గుండుసూదీ,

ఊగడం ఎందుకో దొరికింది. నేను వాడింది ఎగిరే రబ్బరు. దాన్ని వంచితే తీసుకున్న దెబ్బని తిరిగి ఇచ్చేస్తుంది. మనకి కావలసింది మందకొడి రబ్బరు, సైకిల్ ట్యూబుల్లో వేసేది. అది దెబ్బని మింగేసి ఊరుకుంటుంది. కానీ దానికి లేచి నిలబడే ఓపిక లేదు. అందుకని లోపల గట్టి స్ప్రింగు పెట్టి, చుట్టూ ట్యూబు రబ్బరు పోస్తాను. లేపే పని స్ప్రింగుది, ఆపే పని రబ్బరుది. మొగుడూ పెళ్లాల్లాగా అనుకో, ఒకరు లేస్తే ఒకరు పట్టుకోవాలి.

స్ప్రింగు తెచ్చాను. అచ్చు ప్రెస్సులో వేడికి ఉడుకుతోంది. రేపు తీస్తాను. నాకెందుకో ఇదే ఆఖరిది అనిపిస్తోంది.

మామయ్య

*

ఇంటి నుంచి

మామయ్యా,

రేపు తీస్తానన్న కీలు ఏమైంది? పోస్టు మనిషి నన్ను చూడగానే లేదని చెయ్యి ఊపుతున్నాడు. నోరు తెరవడం కూడా మానేశాడు.

వర్షాలు మొదలయ్యాయి. స్టోర్ రూమ్ వరండాలో పెట్టుకుని కొడుతున్నాను. ఊగుతూనే ఉంది, నేను ఎదురు చూస్తూనే ఉన్నాను.

నీ గుండుసూది

*

వర్క్‌షాప్

అమ్మాయీ,

ఆలస్యమైంది. స్ప్రింగు ఆలోచన పనికి రాలేదు. వంగినప్పుడల్లా లోపలినుంచి రబ్బరుని కోస్తోంది. ఆ అచ్చు కూడా పాత ఇనుములో పారేశాను. కొత్త అచ్చు తొలిపించి ఇంకో రకం చేశాను. ఇది మెత్తనిది. పంపుతున్నాను, చూడు.

చెయ్యి ఎలా ఉంది? ఎక్కువ కొట్టకు. ఈ మధ్య మనవాళ్లెవరూ ఇటు రాలేదు, అందరూ బాగున్నారనుకుంటాను.

మామయ్య

*

గ్రౌండ్

మామయ్యా,

కొత్త కీలు బిగించాను. పొద్దున బాగానే ఉంది. ఎండ కాసేసరికి మెత్తబడి పైపు ఒక పక్కకి వాలింది. బంతి పెడితే దొర్లిపోతోంది. చేత్తో ముట్టుకుంటే జిగురు. పూర్తిగా ఉడకకుండానే ప్రెస్సులోంచి తీశావా? నువ్వు అలాంటివి బయటికి పంపవు కదా. పనివాళ్లలో ఎవరు తీశారో వాళ్ల చెవి మెలిపెట్టు.

పాతదే బిగించుకుని ఉయ్యాల ఊగుతున్నాను. చెయ్యి బాగానే ఉంది.

ఒక సందేహం. స్ప్రింగు రబ్బరుని కోస్తుంటే దానికి గుడ్డ చుట్టి పోయకూడదా? నీ ఇంజను దిమ్మల్లో అలాగే చేస్తావు కదా. నేను చూశాను.

నీ గుండుసూది

*

వర్క్‌షాప్

అమ్మాయీ,

గుడ్డ కూడా చుట్టి చూశాను. కుదరలేదు.

పోయినసారిది సరిగ్గా ఉడకని మాట నిజం. ప్రెస్సు హీటరు పాడైంది. దాన్ని బాగుచేయించి, మళ్లీ ఇంకో అచ్చు తొలిచి ఇది చేశాను. ప్రతిసారీ అచ్చు మార్చాల్సి రావడంతో రోజులు గడిచిపోతున్నాయి. తొందరపడితే పని చెడుతుంది.

మామయ్య

*

ఇంటి నుంచి, మేడమీద గది

మామయ్యా,

ఇది గట్టిది. వంగదు. పైపుమీద కొడితే పాత ఇనప పైపుకీ దీనికీ తేడా లేదు. ఒక్కసారి తగిలింది. బ్యాటు కింద పడేసి వరండాలో కూచున్నాను. ఆ రోజు మళ్లీ బ్యాటు పట్టుకోలేదు.

నీకొక మాట దాచాను. నరం పట్టలేదు. మణికట్టు కింద చిన్న ఎముకకి చీలిక ఉందని ఎక్స్‌రేలో తేలింది. డాక్టరు ఫోటోలో చూపించాడు. అదే చోట గట్టి దెబ్బ తగిలితే ఆపరేషన్ చేయాలని, ఆ తర్వాత పట్టు పూర్తిగా రాకపోవచ్చని చెప్పాడు. అమ్మ పక్కనే ఉంది. బయటికి రాగానే “ఇక బ్యాటు ముట్టుకుంటే విరిచి పారేస్తాను” అంది. దేన్నో చెప్పలేదు.

నీకు చెప్తే నువ్వూ వద్దంటావని చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. ఎందుకంటే చేతికి దెబ్బ రాని కీలు ఎంత అవసరమో నీకు తెలిస్తే వేరే పనులు పక్కన పెడతావు. నేను ఆడటం ఎలాగూ మానను. నా చెయ్యి ఇప్పుడు నీ రబ్బరు చేతిలో ఉంది.

సెలెక్షన్స్ దగ్గర పడ్డాయి. సరైన కీలు ఒక్కటి పంపు మామయ్యా. ఒక్కటి చాలు.

గుండుసూది

*

వర్క్‌షాప్

అమ్మాయీ,

ముందే చెప్పి ఉండాల్సింది.

ఇంకో కీలు పంపుతున్నాను. ఇంతకన్నా నాకు చేతకావడం లేదు. చేయి జాగ్రత్త. ఆటలు ఎన్నైనా ఉంటాయి.

మామయ్య

*

ఇంటి నుంచి

మామయ్య గారికి,

సెలెక్షన్స్ అయిపోయాయి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎక్కడైనా పొరపాటుంటే దిద్దండి.

నేను గ్రౌండ్‌కి వెళ్లేసరికి పొడుగుపిల్ల గోడ పక్కన స్టాండుమీద కొడుతోంది. పళ్లెం వేరు, పైపులు వేరు. మధ్యలో రబ్బరు కీలు ఉంది. తన బ్యాటు ఒకసారి కిందికి దిగి పైపుకి తగిలింది. పైపు వంగింది, లేచింది, ఆగింది. ఊగలేదు. తను అప్పుడే ఇంకో బంతి పెట్టేసింది.

“ఒకటి నన్ను కొట్టనిస్తావా?” అన్నాను.

“కొట్టు. పైపుకి తగిలినా నీకు తెలీదు,” అంది.

కావాలనే పైపుమీద కొట్టాను, బలంగా. తను చెప్పింది నిజం. చేతికి ఏమీ తెలియలేదు. ఇంకోసారి కొట్టాను. అప్పుడూ తెలియలేదు. కింద కూచుని కీలు నొక్కి చూశాను. లోపల స్ప్రింగు వేలికి తగిలింది. కింది అంచు చుట్టూ వేలు తిప్పాను. గట్టు ఉంది. బియ్యపుగింజంత.

“ఏం వెతుకుతున్నావ్, కంపెనీ పేరా? దానిమీద పేరు లేదులే,” అంది.

“ఉంది,” అన్నాను.

ఎక్కడిదని అడిగాను. వాళ్ల కోచ్‌కి తెలిసిన స్పోర్ట్స్ షాపాయన ఇచ్చాడట. ఆయన షాపు మీ వీధి చివరే. ఎప్పటినుంచి ఉందని అడిగాను. “వర్షాలు మొదలవకముందు నుంచీ. ఇది లేకపోతే నా చేతులు ఎప్పుడో పోయేవి,” అంది. తనకి ఏమీ తెలియదు. తన మీద నాకు కోపం లేదు.

తర్వాత నన్ను పిలిచారు. ఇన్ని నెలల్లో నేను సరిగ్గా కొట్టిన బంతులు తక్కువ. చేతికి ఆ అలవాటు పోయింది. కొన్ని గాలికి పోయాయి, రెండు పక్కకి పోయాయి. పొడుగుపిల్లని తీసుకున్నారు. నన్ను తీసుకోలేదు. మీ గురించి రాస్తున్నాను కాబట్టి ఇదీ రాయాలి: తను నాకన్నా బాగా కొట్టింది.

ఇంటికొచ్చి మీరు పంపిన కీళ్లు నాలుగూ మంచం మీద వరసగా పెట్టాను. జిగురుది, గట్టిది, చివరగా వచ్చినది, అన్నిటికన్నా ముందుది. నాలుగింటికీ గట్టు ఉంది. అదే చోట, అదే కొలత. పాత ఇనుములో పారేశానని మీరు రాసిన అచ్చులోంచే నాలుగూ వచ్చాయి. కొత్త అచ్చు ఎప్పుడూ లేదు. అచ్చు మార్చడానికి పట్టిన రోజులూ లేవు. గట్టు కళ్లు మూసుకుని వెతకడం నేర్పింది మీరే. ఈసారి కళ్లు తెరిచి ఉన్నా చూడలేదు. మీ ఉత్తరం చదివాక ముక్క చూడాల్సిన అవసరం ఉందనుకోలేదు.

అమ్మని అడిగాను. దాచలేదు. “నేనే ఆపమన్నాను. తిట్టుకుంటే నన్ను తిట్టుకో, వాడిని కాదు,” అంది. అమ్మని తిట్టుకోవడానికి నాకేమీ దొరకలేదు. ఆవిడ మొదటిరోజు నుంచీ నా ముఖం మీదే వద్దంది. సరే అన్నది మీరు.

నేనూ మీకు ఒకటి దాచాను. కానీ చెప్పాను. చెప్పిన తర్వాత కూడా మీరు ఇంకో పనికిరాని కీలు పంపారు.

మీ అక్క కూతురు

*

వర్క్‌షాప్

అమ్మాయికి,

దిద్దడానికి పొరపాట్లేమీ లేవు.

స్ప్రింగు కీలు అచ్చులోంచి తీసిన రోజు చెప్తాను. ఇంకా వేడిగా ఉండగానే ఇక్కడి స్టాండుకి బిగించాను. బ్యాటు లేదు కాబట్టి చెక్కతో కొట్టాను. వంగి, లేచి, ఆగింది. పనివాళ్లందరినీ పిలిచి కొట్టించాను. ప్రెస్సులు కాసేపు ఆగిపోయాయి. అప్పుడు మీ అమ్మ లోపలికి వచ్చింది. నా ఉత్తరాలు నీ గదిలో ఆవిడ కంటపడ్డాయట. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చెప్పుల నిండా దుమ్ము.

“ఒరేయ్, నువ్వు దాని సరదా తీరుస్తున్నావా, చెయ్యి తీసేయిస్తున్నావా?” అంది. ఎముక సంగతి అప్పుడు చెప్పింది. నువ్వు ఆ సంగతి రాసిన ఉత్తరం వచ్చేనాటికి నాకు అంతా తెలుసు.

“ఇది పెడితే చేతికి దెబ్బ తగలదక్కా, చూడు,” అని చెక్క ఇచ్చాను. కొట్టి చూడలేదు.

“దెబ్బ తగలదని తెలిస్తే రోజంతా కొడుతుంది. ఇది బాగుంటే విసిరిన బంతికి పోతుంది. అక్కడ నీ రబ్బరు ఉండదు,” అంది.

“అయితే పంపనని రాసేస్తాను.”

“రాస్తే ఇంకెక్కడో కొనుక్కుంటుంది. పంపుతూనే ఉండు. పనికిరానివి పంపు. అది నీ కోసం ఎదురుచూస్తుంది, ఇంకెవరి దగ్గరికీ పోదు. ఆ రోజులు గడవనీ.”

నువ్వు నా కోసం ఎదురుచూస్తావన్న సంగతి ఆవిడకి తెలుసు. నాకూ తెలుసు. దాన్నే వాడుకున్నాం. ఆ మాట నాకు నచ్చలేదు. అయినా ఒప్పుకున్నాను. నువ్వు ఆపరేషన్ బల్లమీద ఉన్నట్టు ఊహ వచ్చింది, ఒప్పుకున్నాను.

పనికిరానిది చేయడం మంచిది చేయడంకన్నా కష్టం. అది చూడటానికి మంచిదానిలా ఉండాలి, బిగిస్తే చెడాలి. ప్రెస్సులోంచి ముందే తీస్తుంటే మా పాత మనిషి “ఇంకా ఉడకలేదండీ” అని నా చెయ్యి పట్టుకున్నాడు. “నాకు తెలుసులే” అన్నాను. అంతకు ముందెప్పుడూ ఆయనతో ఆ గొంతుతో మాట్లాడలేదు. అచ్చు మాత్రం మార్చలేదు. పనికిరాని వస్తువు కోసం కొత్త అచ్చు తొలవడానికి చెయ్యి రాలేదు. మార్చినట్టు రాయడానికి మాత్రం వచ్చింది.

ఇక ఆ మంచి కీలు. గుడ్డ కప్పి మూల పెట్టాను. అటు వెళ్లినప్పుడల్లా గుడ్డ తీసి ఒకసారి వంచి చూసేవాడిని. ఇన్నేళ్లలో నా చేతిలోంచి అంత బాగా వచ్చిన వస్తువు ఇంకోటి లేదు. దాన్ని కొట్టేవాళ్లు లేరు. స్పోర్ట్స్ షాపాయన పిడి రబ్బర్ల కోసం వచ్చి గుడ్డ తీశాడు. “ఇదేంటి గురూ, ఇలా దాచావు?” అన్నాడు. కొట్టి చూశాడు. “ఎవరైనా వాడుకుంటారు, ఇస్తావా?” అన్నాడు. ఊరికే ఇచ్చేశాను. ఎక్కడికి పోతుందని అడగలేదు. ఎవరో ఒకరు దానిమీద కొడుతున్నారన్న మాట చాలనిపించింది. ఆ ఎవరో ఒకరు నువ్వు కాకుండా చూసింది నేనే అని ఆ పూట గుర్తు రాలేదు.

నీ ఎముక అతుక్కుందని, డాక్టరు చూసి చెప్పాడని మీ అమ్మ కబురు చేసింది. ఇన్నాళ్లు గట్టిగా కొట్టకపోవడం వల్లే అని కూడా అన్నాడట. ఇది సమర్థించుకోవడానికి రాయడం లేదు అని రాద్దామనుకున్నాను. కానీ దానికే రాస్తున్నాను. చెయ్యి నిలబడింది కదా అని రోజూ నాకు నేను చెప్పుకుంటున్నాను. నీ ఉత్తరం తెరిస్తే ఆ మాట నిలబడటం లేదు.

వర్క్‌షాప్ ఒక పూట ఆపేశాను. అచ్చు తీసి, గాటు వెల్డింగుతో పూడ్చి, సానపట్టి నునుపు చేశాను. మొదటిరోజే చేయాల్సిన పని. అందులో స్ప్రింగూ, గుడ్డా, ట్యూబు రబ్బరూ పెట్టి కొత్త కీలు పోశాను. నా చేత్తో పూర్తిగా ఉడకనిచ్చి తీశాను. ఏ మచ్చా లేదు. పొడుగుపిల్ల దగ్గరున్నదానికన్నా బాగుంటుంది. పెద్దవాళ్ల జట్లు కూడా ఉంటాయి కదా. తీసుకో.

మామయ్య

*

గ్రౌండ్, స్టోర్ రూమ్ మెట్లు

మామయ్య గారికి,

పార్సెల్ అందింది.

చెయ్యి అతుక్కున్న మాట నిజమే. డాక్టరు ఫోటోలో చూపించాడు. అమ్మ ఏడ్చింది. నాకు ఏమనిపించాలో తెలియక ఫోటో పట్టుకుని నిలబడ్డాను. ఆ చెయ్యి ఇప్పుడు నాదేనా, మీ ఇద్దరూ కలిసి కాపాడినదా అని ఇంకా తేలలేదు. పెద్దవాళ్ల జట్టుకి ప్రయత్నిస్తానో లేదో మీకు రాయను.

కొత్త కీలు బిగించలేదు. ముందు కళ్లు మూసుకుని అంచు చుట్టూ వేలు తిప్పాను. ఎక్కడా ఏమీ తగల్లేదు. నునుపుగా ఉంది.

ఇన్ని నెలల్లో మీ దగ్గర నుంచి వచ్చినవాటిలో నాకు నిజం చెప్పింది ఆ గట్టు ఒక్కటే. ఉత్తరాల్లో ఉన్నది అబద్ధమని అదే చెప్పింది. మీరు దాన్ని పూడ్చి పంపారు. బాగుచేశాననుకున్నారు. ఇకమీదట మీరు పంపిన ముక్క ఏ అచ్చులోంచి వచ్చిందో తడిమి తెలుసుకోవడానికి నాకు ఏమీ మిగల్లేదు. మీరు చెప్తే నమ్మాలి. అందుకే తిరిగి పంపేస్తున్నాను. వస్తువు బాగుంది. దానిమీద కొట్టేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు.

గట్టున్న కీళ్లలో మూడింటిని స్టోర్ రూమ్ తాత చెత్తలో వేశాడు. అన్నిటికన్నా ముందు వచ్చినదాన్ని స్టాండుకి బిగించాను. దెబ్బ తగిలితే ఇప్పటికీ చాలాసేపు ఊగుతుంది. రెండో బంతి పెట్టకుండా ఆగేదాకా నిలబడి చూస్తున్నాను. మీరు నా కోసం చేసింది అదొక్కటే.

మీ అక్క కూతురు